చెవి ప్లేటుకు ఉంటే చాలదు

బ్లూ నోట్ కంపెనీవారి పాత జాజ్ ప్లేటు చేతికి వస్తే, ఆరితేరిన సేకర్త ముందుగా దాన్ని వినడు. దీపం కిందికి తీసుకెళ్ళి, ఏటవాలుగా పట్టుకుని, పాట అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలే నున్నటి నల్లటి అంచును కళ్ళు చికిలించి చూస్తాడు. వెతికేది చెవి కోసం. నిజంగా చెవే. న్యూజెర్సీలో నార్త్ ప్లెయిన్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ప్లాస్టీలైట్ అనే ఫ్యాక్టరీ 1960ల మధ్యదాకా బ్లూ నోట్ ప్లేట్లను అచ్చువేసేది. తన గుర్తుగా గొలుసుకట్టు రాతలో ఒక 'పి' అక్షరం వేసేది. అది చూడటానికి మనిషి చెవిలా ఉంటుంది. చెవి ఉంటే ప్లేటు పాసైనట్టే. ఆ పక్కన రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ పేరులోని మూడు పొడి అక్షరాలు ఉండాలి. ఆ తర్వాత లేబుల్ మీద చిరునామా: లెక్సింగ్టన్ ఎవెన్యూనా, 63వ వీధా, 61వ వీధా? 63వ వీధి అయితే 'న్యూయార్క్ 23' అని ఉందా, ఉత్త న్యూయార్క్ అనే ఉందా? ఆ 23 ఏమిటంటే, జిప్ కోడ్ రాకముందు పోస్టాఫీసువాళ్ళు వాడిన పేట నంబరు. ఉత్తరాలు పంచేవాడికి తప్ప ఇంకెవరికీ పట్టని ఆ అంకె మీద ఇవాళ వందల డాలర్లు చేతులు మారుతున్నాయి.

ఇంత తతంగం జరిగింది. ఆ ప్లేటు మీద ఎవరు వాయించారు, ఎలా వాయించారు అన్న ప్రశ్న మాత్రం ఇంకా రాలేదు.

ఈ తతంగం వెనక ఒక సిద్ధాంతం ఉంది. పాత జాజ్ ప్లేట్లు కొనేవాళ్ళలో నూటికి తొంభైమంది నోట అదే వినిపిస్తుంది. మొదటి అచ్చు ఒక్కటే అసలైనది, తర్వాత వచ్చినవన్నీ నకళ్ళు. టేపు తాజాగా ఉన్నప్పుడు చెక్కింది కనుక శబ్దం కూడా అందులోనే నిజం. ఎంత అరుదైతే అంత గొప్ప. పైగా డబ్బు ఎక్కడికీ పోదు, బంగారంలాంటిది. కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాడికి వాళ్ళిచ్చే ఉపదేశం ఒకటే: ఒరిజినల్ దొరికితే కొను, దొరక్కపోతే ఆగు. ఈ ఉపదేశం తప్పని నా వాదన. అది సగం తప్పు కూడా కాదు, తలకిందులు. ఎక్కడ ఒరిజినల్ నిజంగా అవసరమో అక్కడ దాన్ని పట్టించుకోకుండా, అవసరం లేనిచోట దానికి హారతి పడుతోంది.

నేనుండేది ఎడిసన్‌లో. ఈ పేరు చెప్పగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది దోసెల హోటళ్ళు, పచ్చళ్ళ కొట్లు. ఆ పేరు ఊరికే రాలేదు. 1877లో థామస్ ఎడిసన్ మనిషి మాటను రేకు మీద గీకి తిరిగి పలికించిన మెన్లో పార్క్ ఈ టౌన్‌షిప్‌లోనే ఉంది. ప్లాస్టీలైట్ ఫ్యాక్టరీ ఊరు మాకు దగ్గరే. వాన్ గెల్డర్ తన తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలో రికార్డింగులు చేసిన హ్యాకెన్‌సాక్, 1959లో సొంతంగా స్టూడియో కట్టుకున్న ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్ కూడా ఈ రాష్ట్రంలోవే. నేనిక్కడికి వచ్చిన కొత్తలో, పాత రికార్డుల కలెక్టర్లతో తిరుగుతున్నానని ఫోన్లో చెబితే, ఏ జిల్లా కలెక్టరో, ఏ భూముల రికార్డులో అని మా నాన్న కంగారుపడ్డారు. అప్పట్నుంచి ఇరవై ఏళ్ళుగా ఈ ప్లేట్ల సంతల్లో తిరుగుతూనే ఉన్నాను. ఈమధ్య మన ఇళ్ళలో పుట్టి పెరిగిన పిల్లలు టర్న్‌టేబుల్ కొనుక్కుని, "అంకుల్, ముందు ఏం కొనమంటారు?" అని అడుగుతున్నారు. వాళ్ళకు పై ఉపదేశం అప్పటికే అంది ఉంటోంది. దాన్ని వదిలించడానికే ఈ వ్యాసం.

ముందు నా బుద్ధితక్కువతనం చెప్పుకోవాలి. సానీ క్లార్క్ అనే పియానో విద్వాంసుడి 'కూల్ స్ట్రటిన్' నాకు ప్రాణం. అట్ట మీద వీధిలో నడిచిపోతున్న ఒక అమ్మాయి కాళ్ళ ఫోటో ఉంటుంది. 1958లో వచ్చింది. అప్పట్లో అమెరికాలో పెద్దగా ఎవరూ కొనలేదు. క్లార్క్ 1963 జనవరిలో 31 ఏళ్ళకే పోయాడు. దాని మొదటి అచ్చు ఒకటి ఒక సంతలో కనబడింది. చెవి ఉంది, చిరునామా సరిగ్గా ఉంది, గీత ఒక్కటి లేదు, అద్దంలా మెరుస్తోంది. నాలుగు నెలలు కూడబెట్టిన డబ్బు పోసి ఇంటికి తెచ్చాను. ముల్లు పెట్టాను. ఆర్ట్ ఫార్మర్ ట్రంపెట్ కాస్త గొంతెత్తినప్పుడల్లా అప్పడాలు నలిపినట్టు కరకర. గాడులు అరిగిపోయాయి. 1950ల్లో ఇళ్ళలో ఉన్న ప్లేయర్లకు చేతులు బరువు, ముళ్ళు మొద్దు. ఆ మొద్దు ముల్లు మెత్తటి వినైల్ గాడిని లోపల్లోపల దున్నేసిపోతుంది. పైకి కనిపించదు. ప్లేటును కళ్ళతో కొనేవాడికి పడే శిక్ష ఇది. అమ్మినాయన్ని నేను తప్పుపట్టను. వినిపించమని నేనడగలేదు, ఆయన వినిపించలేదు.

ఇక సిద్ధాంతం సంగతి. మొదటి అచ్చు అసలైనదట. మన గుళ్ళ లెక్కలో చెప్పాలంటే, గర్భగుడిలో ఉండేది మూలవిరాట్టు, వీధుల్లోకి వచ్చేది ఉత్సవ విగ్రహం. జాజ్ ఎల్పీకి మూలవిరాట్టు టేపు. ఆ టేపు నుంచి లక్కరు పళ్ళెం మీద గాడి చెక్కుతారు, దాని మీంచి లోహపు అచ్చులు తీస్తారు, ఆ అచ్చుల మధ్య వినైల్ ముద్దను నొక్కితే ప్లేటు తయారవుతుంది. 1958లో నొక్కినా, 2019లో నొక్కినా ప్లేటు ఉత్సవ విగ్రహమే. మొదటిసారి ఊరేగింది కనుక అదే మూలవిరాట్టు అనడం భక్తి కావచ్చు, అది వివేకం కాదు.

ఆ మొదటి ఊరేగింపులోనే విగ్రహం వంకరగా ఉంటే? జాజ్‌లో అందరికీ తెలిసిన ప్లేటునే తీసుకుందాం. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో కొలంబియావారి 30వ వీధి స్టూడియోలో మొదటి వైపు పాటలు మూడూ రికార్డు చేశారు. ఆ రోజు ప్రధాన టేపు యంత్రం కాస్త మందకొడిగా తిరిగింది. మెల్లగా తిరిగిన టేపును మామూలు వేగంతో వినిపిస్తే శ్రుతి పైకి పోతుంది. అలా శ్రుతి తప్పిన టేపు నుంచే మొదటి అచ్చు వచ్చింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళ పైచిలుకు వచ్చిన ప్రతి అచ్చులోనూ అదే శ్రుతి. ప్లేటుతోపాటు వాయిద్యం వాయించుకుంటూ సాధన చేసినవాళ్ళు తమ వాయిద్యంలోనే ఏదో తేడా ఉందనుకున్నారు. అదే రోజు పక్కన రెండో యంత్రం కూడా నడిచింది. అది సరైన వేగంతో నడిచింది. 1992లో ఆ రెండో టేపు బయటికి తీసి కొత్తగా అచ్చువేశాకగానీ, ఆ రోజు ఆ గదిలో మైల్స్ వాయించిన శ్రుతి లోకం చెవిన పడలేదు.

మొదటి అచ్చును ఆరాధించేవాళ్ళు దీనికి ఏం జవాబు చెబుతారు? నేనడిగాను. "ఆ కాలంలో జనం విన్నది అదే కదా" అన్నారు. బాగుంది. మరి శబ్దంలో నిజం మొదటి అచ్చులోనే ఉందన్న మాట ఏమైంది? తంబూరా ఒక శ్రుతిలో, గాయకుడు మరో శ్రుతిలో ఉన్న కచేరీని పాతది కనుక ప్రామాణికం అంటామా? ఇంకో విడ్డూరం. తొలి అట్టల మీద, అందులో శాక్సోఫోన్ వాయించిన ఆడర్లీ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది, రెండోవైపు పాటల పేర్లు తారుమారయ్యాయి. ఆ తప్పులున్న అట్టకే గిరాకీ ఎక్కువ! కొలంబియా తొలి లేబుల్ మీద కంటి బొమ్మలు ఆరు ఉంటాయి. షణ్ముఖుడికి పన్నెండు కళ్ళు, ఈ ప్లేటుకు ఆరు. బ్లూ నోట్‌కు చెవి, కొలంబియాకు కళ్ళు. అవయవాలన్నీ ప్లేట్లకే ఉన్నాయి, కొనేవాడికి మిగిలింది పర్సు ఒక్కటే.

రూడీ వాన్ గెల్డర్ పేరు తలిస్తేనే సేకర్తలు చెంపలు వేసుకుంటారు. ఆయన గొప్పవాడే, సందేహం లేదు. 1959 దాకా పగలు కళ్ళజోళ్ళ వైద్యం చేస్తూ, రాత్రులు జాజ్ రికార్డు చేసిన మనిషి. ఏ మైకు ఎక్కడ పెట్టాడో అడిగితే చెప్పేవాడు కాదు. ఎవరి మూడు అక్షరాలు ప్లేటు అంచున కనిపిస్తే ధర పెరుగుతుందో, ఆ మనిషే ఎల్పీ పోవడం తనకు సంతోషమని 1990ల్లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. సంగీతాన్ని అందరికన్నా ఎక్కువగా చెడగొట్టింది ఆ ప్లేటేనని ఆయన అభిప్రాయం. అదీ ఉత్తమాట కాదు. 1999 నుంచి తన పాత టేపుల్ని తానే ముందేసుకుని డిజిటల్‌లోకి మార్చి, తన పేరుతోనే సీడీల వరస తెచ్చాడు. ఆ సీడీలు అందరికీ నచ్చలేదు, నాకూ కొన్ని గొంతు చించుకున్నట్టుంటాయి. అది వేరే మాట. శిల్పి తానే ఈ విగ్రహానికి ముక్కు సరిగ్గా రాలేదని చెబుతుంటే, పూజారి మాత్రం వినిపించుకోకుండా గంట వాయిస్తున్నాడు.

ఆయన అలా ఎందుకన్నాడో ప్లేటు గురించి కాస్త తెలిస్తే అర్థమవుతుంది. బాస్ శబ్దానికి గాడి పెద్ద వంపులు తిరగాలి. వంపు మరీ పెద్దదైతే చౌక ప్లేయర్ మీద ముల్లు గాడిలోంచి ఎగిరిపోతుంది, కొన్నవాడు ప్లేటు పట్టుకుని కొట్టుకు తిరిగొస్తాడు. అందుకని ఆ రోజుల్లో చెక్కేవాళ్ళు బాస్‌ను కాస్త అదుపులో పెట్టి చెక్కేవారు. కంపెనీకి ప్లేటు తిరిగి రాకపోవడం ముఖ్యం. అది వ్యాపారం, నేరం కాదు. కానీ టేపు మీద డబుల్ బాస్ విద్వాంసుడు పాల్ చేంబర్స్ బాస్ ఎంత నిండుగా ఉందో తెలియాలంటే, ఈనాటి మంచి పరికరాలతో ఆ టేపు నుంచే జాగ్రత్తగా చెక్కిన అచ్చు వినాలి. 2019లో బ్లూ నోట్ మొదలుపెట్టిన టోన్ పోయెట్ వరసలో కెవిన్ గ్రే చెక్కినవి వినండి. డబుల్ బాస్‌కు కర్రతో చేసిన ఒళ్ళు ఉంటుందని అప్పుడు గుర్తొస్తుంది. ఒక్కోటి ముప్ఫై నలభై డాలర్లు. నా కరకరల 'కూల్ స్ట్రటిన్' ధరకు ఇలాంటివి ఒక అర నిండేవి.

తర్వాతి అచ్చులన్నీ బాగుంటాయనీ నేననను. 1960ల మధ్యలో బ్లూ నోట్ లిబర్టీ కంపెనీ చేతిలోకి వెళ్ళాక, మోనో టేపుల్ని ఎలక్ట్రానిక్ మాయతో స్టీరియోగా సాగదీసి అమ్మిన ప్లేట్లు వచ్చాయి. వాటిలో శాక్సోఫోన్ బావిలోంచి పిలుస్తున్నట్టుంటుంది, ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. 1980ల్లో తొలి డిజిటల్ యంత్రాలతో హడావుడిగా చేసినవి కొన్ని రేకు డబ్బా మోగినట్టుంటాయి. టేపులు కూడా చిరంజీవులు కావు. 2008 జూన్‌లో హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోలో మంటలు లేచి, అక్కడ దాచిన సంగీతపు మూల టేపులు ఎన్నో కాలిపోయాయి. కాబట్టి నేను చెప్పేది పాతది చెడ్డది, కొత్తది మంచిది అని కాదు. ఏ సంవత్సరంలో నొక్కారన్న ప్రశ్నకు సంగీతంతో నేరుగా సంబంధం లేదంటున్నాను.

ఇక్కడ బంగారు చెవులవాళ్ళు అడ్డం పడతారు. 'నీకు తేడా తెలియకపోతే అది నీ చెవుల లోపం' అంటారు. 2022 జులై నాటి ముచ్చట ఒకటి వాళ్ళకు గుర్తుచేయాలి. మొబైల్ ఫిడిలిటీ అనే అమెరికన్ కంపెనీ, మూల టేపు నుంచి నేరుగా చెక్కుతామన్న పేరుతో ఖరీదైన ప్లేట్లు అమ్మేది. అనలాగ్ స్వచ్ఛతకు అదే పరాకాష్ఠ అని, డిజిటల్ వాసన తగిలితే పసిగట్టేస్తామనే రసికులు ఏళ్ళ తరబడి మెచ్చుకున్నారు. తీరా చూస్తే, ఎన్నో ప్లేట్లకు మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని ఆ కంపెనీ ఇంజనీర్లే ఒప్పుకున్నారు. 2011 నుంచే ఇది నడుస్తోంది. ఒక్క బంగారు చెవి కూడా పట్టుకోలేదు. కోర్టుకెళ్ళారు, 2.5 కోట్ల డాలర్ల మేర రాజీ కుదిరింది. దాచిపెట్టిన కంపెనీది తప్పే. ఏ టేపు నుంచి, ఏ దారిలో వచ్చిందో అట్ట వెనక రాయాల్సిన బాధ్యత అచ్చువేసేవాళ్ళది. అయినా ఆ ప్లేట్లు అంతకుముందు రోజు ఎంత బాగున్నాయో, మర్నాడూ అంతే బాగున్నాయి. మారింది వాటి వంశవృక్షం గురించిన సమాచారం. వీళ్ళు ఇన్నేళ్ళూ విన్నది శబ్దాన్నా, వంశవృక్షాన్నా?

అరుదైనదే గొప్పదన్న వాదం ఇంకా బలహీనం. ప్లేటు ఎందుకు అరుదవుతుంది? చాలాసార్లు ఎవరూ కొనలేదు కనుక. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1925 నుంచి 1928 దాకా ఓకే కంపెనీకి చేసిన హాట్ ఫైవ్, హాట్ సెవెన్ రికార్డింగుల మీదనే జాజ్ సోలో కట్టడం నిలబడింది. వాటిని ఆనాటి నల్లజాతి జనం ఎగబడి కొన్నారు, అందుకే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్ల సంతల్లో వాటిలో చాలావాటికి మరీ మతిపోయే ధరలు ఉండవు. 'కైండ్ ఆఫ్ బ్లూ' ఒక్క అమెరికాలోనే 50 లక్షలు దాటి అమ్ముడైంది. గొప్పది కావడం, దొరకడం కలిసే ఉండొచ్చు. అలాగని అమ్ముడుపోనిదంతా చెత్త అనీ కాదు, సానీ క్లార్క్ సంగతి చెప్పాను కదా. అరుదుకూ గొప్పకూ లంకె లేదు, అంతే. దొరకని ప్లేటు ధర ఆ ప్లేటు ఎంతమంది చేతుల్లోంచి జారిపోయిందో చెబుతుంది, అందులో ఏముందో చెప్పదు.

కొన్నిసార్లు అరుదు కావడానికి కారణం యుద్ధం. ఇందులో మన దేశానికి నేరుగా పాత్ర ఉంది. పాత 78 ప్లేటులో ముఖ్యమైన పదార్థం లక్క. మన ఏటికొప్పాక బొమ్మలకు రంగు పట్టేదీ అదే, కౌరవులు పాండవుల కోసం ఇల్లు కట్టించిందీ దాంతోనే. ఛోటా నాగపూర్ అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టిన లక్కను గీకి, కరిగించి, కలకత్తా రేవు నుంచి ఓడలెక్కిస్తే, అమెరికాలో దానికి రాతిపొడి, మసి కలిపి ప్లేట్లు నొక్కేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల దారులు కష్టమయ్యాయి, ఉన్న లక్క యుద్ధ సామగ్రికి కావలసి వచ్చింది. 1942 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీలు వాడే లక్కలో 70 శాతం కోత పెట్టింది. పాత ప్లేట్లు తెచ్చిస్తేనే కొత్తవి ఇస్తామని కొట్లు బోర్డులు పెట్టాయి. ఊరూరా పోగుచేసిన పాత ప్లేట్లను పొడికొట్టి మళ్ళీ ముద్ద చేశారు. అందులో కింగ్ ఆలివర్, జెల్లీ రోల్ మోర్టన్ వంటి తొలితరం జాజ్‌వాళ్ళ ప్లేట్లు ఎన్ని పోయాయో లెక్కలేదు. ఆ మర మంచీ చెడూ చూడలేదు. దాని నోటికి అందినవి అరుదయ్యాయి, అందనివి మామూలుగా మిగిలాయి. ఆ యాదృచ్ఛికానికి మనం సౌందర్యశాస్త్రం రాస్తున్నాం. ఈ లక్క ఇంట్లోంచి బయటికి సొరంగం తవ్వించిపెట్టిన విదురుడు కూడా లేడు.

అదే ఏడాది ఆగస్టు 1న వాద్యకారుల సంఘం సమ్మెకు దిగి రికార్డింగులు ఆపేసింది. పెద్ద కంపెనీలతో రాజీ కుదిరేసరికి 1944 నవంబరు వచ్చింది. బీబాప్ అనే కొత్త తరహా జాజ్ పుట్టి, పాకి, నడక నేర్చింది ఆ రెండేళ్ళలోనే. ఆ నెలల్లో హార్లెమ్ క్లబ్బుల్లో దాని సారథుల్లో ఒకడైన చార్లీ పార్కర్ వాయించినదాంట్లో చాలామటుకు ప్లేటే లేదు. అంతకన్నా అరుదైనది ఏముంది? ఏ ధర కట్టి కొంటారు?

ఇప్పుడు ప్రత్యర్థి పక్షానికి నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే చోటికి వస్తున్నాను. విస్కాన్సిన్‌లో ఒక కుర్చీల కంపెనీ ఉండేది. గ్రామఫోన్ పెట్టెలు చేస్తూ చేస్తూ, పెట్టెలు అమ్ముకోవడానికి ప్లేట్లు కూడా నొక్కింది. ఆ లేబుల్ పేరు పారామౌంట్. వాళ్ళు వాడిన ముద్ద నాసిరకం, కొత్త ప్లేటు కూడా పెనం మీద ఆవాలు చిటపటలాడినట్టు మోగేది. కానీ అందులో కింగ్ ఆలివర్ ఉన్నాడు, మా రేనీ అనే బ్లూస్ గాయని ఉంది, ఇంకా బ్లూస్ గాయకులు ఎందరో ఉన్నారు. 1930ల మాంద్యంలో ఆ లేబుల్ మూతపడింది, లోహపు మూల అచ్చులు తుక్కు కింద పోయాయి. అంటే మూలవిరాట్టు లేదు. ఆనాడు ఎవరింట్లోనో అటక మీద మిగిలిన అరిగిన ప్లేటే ఇక ఆధారం. ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్‌లో, పక్కనే రైలు పోతే రికార్డింగ్ ఆపుకోవాల్సిన షెడ్డులో, జెన్నెట్ కంపెనీ 1923లో కింగ్ ఆలివర్ బృందాన్ని రికార్డు చేసింది. ఆ బృందంలో రెండో కార్నెట్ కుర్ర ఆర్మ్‌స్ట్రాంగ్. వాటిలో 'జూలూస్ బాల్' ఉన్న ప్లేటుకు ఒకే ఒక్క ప్రతి మిగిలిందని సేకర్తలు చెప్పుకుంటారు. ఎవరో ఒకరు ఆ ఒక్కదాన్ని పదిలంగా పట్టుకోకపోతే ఇవాళ ఆ మూడు నిమిషాలు లోకంలోనే లేవు.

ఇది మనకు తెలియని కథ కాదు. వేమన చేతి రాత ఎవరి దగ్గరా లేదు. బ్రౌన్ దొర ఊరూరా తాళపత్రాలు పోగుచేయించి, పండితులను కూర్చోబెట్టి, ఒక ప్రతితో మరో ప్రతిని పోల్చి శుద్ధప్రతులు రాయించాడు. మూలం పోయినచోట ప్రతి ప్రతీ విలువైనదే. పాత 78ల విషయంలో జాన్ ఆర్. టి. డేవిస్ అనే ఇంగ్లీషు వాద్యకారుడు అచ్చంగా ఆ పనే చేశాడు. ఎక్కడెక్కడి సేకర్తల దగ్గరా ఉన్న మంచి ప్రతులు తెప్పించి, గాడికి సరిపోయే ముల్లు ఎంచుకుని, టేపు మీదకు ఎక్కించి, ఒక్కో చిటపటను చేత్తో గీకి తీసేశాడు. 2013లో టామీ జాన్సన్ పాడిన పారామౌంట్ బ్లూస్ ప్లేటు ఒకటి వేలంలో 37,100 డాలర్లు పలికితే చాలామంది నవ్వారు. నేను నవ్వలేదు. లోకానికి తెలిసిన ప్రతులు రెండే, మూల అచ్చు లేదు, కొన్నాయన ఇలాంటి పాటల్ని శుభ్రం చేయించి సీడీలుగా పంచే మనిషి. ఆ డబ్బు సార్థకం.

హ్యాంక్ మోబ్లే అనే శాక్సోఫోన్ విద్వాంసుడు 1957 జూన్‌లో చేసిన, 1568 నంబరు గల బ్లూ నోట్ ప్లేటును ఆ టామీ జాన్సన్ ప్లేటు పక్కన పెట్టండి. సేకర్తల కలల రాణి అది. వేల డాలర్లు పలుకుతుంది. నికార్సైన తొలి అచ్చుకు లేబుల్ ఒకవైపు 'న్యూయార్క్ 23' ఉండి, రెండోవైపు ఉండకూడదట. దాని టేపు పోలేదు. జపాన్‌లో మళ్ళీ అచ్చయింది, సీడీగా వచ్చింది, ఫోన్లో కూడా వినొచ్చు. అంటే ఆ వేల డాలర్లు కొంటున్నది సంగీతాన్ని కాదు, ఒక లేబుల్ కాగితాన్ని. మోబ్లే చివరి రోజుల్లో ఊపిరితిత్తులు చెడి వాయించలేక, నిలువ నీడలేక అల్లాడి, 1986లో ఫిలడెల్ఫియాలో 55 ఏళ్ళకు చనిపోయాడు. పాత ప్లేటు ఎంతకు చేతులు మారినా వాయించినవాడికి, వాడి కుటుంబానికి చిల్లిగవ్వ రాదు. కొత్త అచ్చు కొంటే హక్కుదారులకు ఎంతో కొంత చేరే దారైనా ఉంటుంది. పెట్టుబడి అని మురిసేవాళ్ళు మరో సంగతి గమనించాలి. ఒకనాడు ఇంటింటా ఉన్న గ్లెన్ మిల్లర్, బింగ్ క్రాస్బీ 78లను ఇవాళ పెట్టెలకు పెట్టెలు ఉచితంగా ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు లేరు. వాటిని ప్రేమించిన తరం వెళ్ళిపోయింది. మన తరం శాశ్వతమా?

ఒరిజినల్ తప్ప వద్దనే ఈ నిష్ఠ జాజ్ సేకర్తల ఆచారం కూడా కాదు, మధ్యలో వచ్చి పట్టుకున్న మడి. న్యూయార్క్ 42వ వీధిలో కమోడోర్ అనే కొట్టు నడిపిన మిల్ట్ గేబ్లర్ 1930ల్లోనే, కంపెనీలు ఆపేసిన పాత జాజ్ ప్లేట్ల అచ్చులు అద్దెకు తీసుకుని మళ్ళీ నొక్కించాడు. ఎవరెవరు ఏ వాయిద్యం వాయించారో లేబుల్ మీద వేయించాడు. 1940లో జార్జ్ అవాకియన్ అనే కాలేజీ కుర్రాడు కొలంబియా గోదాముల్లో ఆర్మ్‌స్ట్రాంగ్ పాత అచ్చులు వెతికి ఆల్బములుగా తెచ్చాడు. జాజ్ వినికిడి నిలబడింది వీళ్ళ మళ్ళీ అచ్చుల మీదే. జపాన్‌లో దిగుమతి ప్లేటు జీతంలో పెద్ద వాటా మింగే రోజుల్లో జనం జాజ్ కాఫీ కొట్లకు వెళ్ళేవారు. యోకోహామాలో చిగూసా అనే కొట్టు 1933లో తెరిచారు. ఒక్క కాఫీ చెప్పి, నోరు మెదపకుండా గంటల తరబడి వినడం. మా సానీ క్లార్క్‌ను నెత్తిన పెట్టుకున్న దేశం జపానే. ప్లేటు కొట్టువాడిది, పాట అందరిది.

కాబట్టి, అంకుల్ ఏం కొనమంటారు అని అడిగే పిల్లలకు నేను చెప్పేది ఇది. ముందు విను, ఊరికే దొరుకుతున్నప్పుడు విను. 1923 నాటి కింగ్ ఆలివర్ రికార్డింగుల మీద అమెరికాలో హక్కులు 2024 జనవరి 1తో తీరిపోయాయి, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నెల తిరిగినా మనసు మళ్ళీ మళ్ళీ అడిగేదాన్ని కొను. కొనేముందు ఆ పాటకు మూలం ఎక్కడుందని ఆరా తీయి. టేపు భద్రంగా ఉంటే, దాన్నుంచి బాగా చెక్కిన కొత్త అచ్చు తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి ముల్లు కొను. ముల్లు మంచిదైతే పది డాలర్ల ప్లేటు కూడా పాడుతుంది. మూలం పోయి ప్లేటే ఆధారమైతే, అదీ స్తోమతు ఉంటేనే, పాత ప్లేటు కొను. కొన్నాక ఎవరైనా శుభ్రంగా ఎక్కించుకుంటామంటే కాదనకు. కలకత్తాలో యుద్ధకాలంలో టెడ్డీ వెదర్‌ఫోర్డ్ అనే నల్లజాతి అమెరికన్ పియానిస్టు కొలంబియాకు వాయించిన ప్లేట్లు దమ్‌దమ్ ఫ్యాక్టరీలో నొక్కారు. ఆయన 1945లో కలరాతో ఆ ఊళ్ళోనే పోయాడు. ఇండియాకు వెళ్ళినప్పుడు పాత సామాన్ల కొట్లో కుక్కబొమ్మ ప్లేట్ల కింద అలాంటిది కనబడితే మాత్రం బేరమాడకుండా తెచ్చుకో. అరుదైనదని కాదు. మూలం ఉందో లేదో తెలియనివి అవి.

నా మాట నమ్మక్కర్లేదు. ఎడిసన్ వైపు వచ్చినప్పుడు మా ఇంటికి రండి. 'కూల్ స్ట్రటిన్' చెవి ఉన్నదొకటి, చెవి లేనిదొకటి, రెండూ ఉన్నాయి. టర్న్‌టేబుల్‌కు అడ్డంగా తెర కడతాను. కాఫీ మా ఆవిడ పెడుతుంది. ఏది ఏదో మీరే చెప్పండి.